పాత ల్యాప్‌టాప్ ఉంచుకోవాలా, చవకలో కొత్తది కొనాలా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

కాలేజీలు తెరిచే వేళకు నెల్లూరులో మా చుట్టాలూ, ఆఫీసులో తోటివాళ్లూ ఒకే ప్రశ్న అడుగుతారు. "ఆరేడేళ్ల ల్యాప్‌టాప్ ఉంది, బాగా స్లో అయింది. పాతిక వేలకే కొత్తది ఇస్తున్నారు. మార్చేయమంటావా?"

అవుననో కాదనో అప్పటికప్పుడు చెప్పడం కష్టం. పాతదానిలో ఏం పాడైందో తెలియాలి. కొత్తదానిలో ఏం తగ్గించి ఆ ధరకు ఇస్తున్నారో తెలియాలి. ఈ రెండూ తెలిస్తే మీరే తేల్చుకోగలరు. షాపులో నిలబడి తేల్చుకునే పని కాదిది. ఇంట్లో రెండు సాయంత్రాలు కేటాయించండి. కింద రాసిన వరుసలోనే చేయండి.

1. అన్నిటికంటే ముందు బ్యాకప్

పరీక్షలూ రిపేరూ తర్వాత. ముందు మీ ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ట్యాలీ డేటా, పిల్లల ప్రాజెక్టులు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించండి. ముఖ్యమైనవి గూగుల్ డ్రైవ్ లాంటి చోట ఇంకో కాపీ పెట్టండి.

హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్‌మని శబ్దం వస్తుంటే ఇది ఈ రోజే చేయాలి. అలాంటి డిస్క్ ఇంకో వారం ఉంటుందో, రేపే ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు.

కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మవద్దు.

2. ఒక కాగితం మీద మీ పనులు రాయండి

ల్యాప్‌టాప్ ఎవరు వాడతారు, రోజూ ఏం చేస్తారు? ఉన్నది ఉన్నట్టు రాయండి. "అన్నీ చేస్తాం" అని రాస్తే ఉపయోగం లేదు.

- ఇంటర్ లేదా డిగ్రీ చదివే పిల్లలు: క్రోమ్‌లో నాలుగైదు ట్యాబ్‌లు, వర్డ్, వీడియో క్లాసులు.
- బీటెక్: కోడింగ్ సాఫ్ట్‌వేర్లు, కొందరికి ఆటోక్యాడ్ లాంటివి.
- దుకాణం, రొయ్యల చెరువు, గ్రానైట్ ఆఫీసు లెక్కలు: ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు, డిజిటల్ సంతకం టోకెన్ (యూఎస్‌బీలో పెట్టేది).
- డీటీపీ సెంటర్: పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్, స్కానర్, ప్రింటర్.

వ్యాపారం లెక్కల వాళ్లు, డీటీపీ వాళ్లు ఇంకో వరుస కూడా రాసుకోవాలి: ఏ ప్రింటర్, ఏ టోకెన్, ఏ పాత సాఫ్ట్‌వేర్ తప్పకుండా నడవాలి? కొత్త విండోస్‌లో పాత ప్రింటర్‌కు డ్రైవర్ దొరక్కపోతే ల్యాప్‌టాప్‌తో పాటు ప్రింటర్ కూడా కొనాల్సి వస్తుంది. ఆ ఖర్చు షాపులో ఎవరూ గుర్తు చేయరు.

3. పాత ల్యాప్‌టాప్ వివరాలు రాయండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగానికి వెళ్లండి. సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ వరుసగా కనిపిస్తాయి. ఇవి రాసుకోండి:

- ప్రాసెసర్ పూర్తి పేరు, నంబరుతో సహా
- ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయి
- డిస్క్ పక్కన హెచ్‌డీడీ (తిరిగే పాత రకం హార్డ్ డిస్క్) అని ఉందా, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన రకం) అని ఉందా
- విండోస్ 10నా, 11నా
- కొన్న సంవత్సరం (బిల్లు దొరికితే)

ప్రాసెసర్ నంబరు చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఇంటెల్ ఐ5-8250యూ అంటే గీత తర్వాతి మొదటి అంకె 8, కాబట్టి ఎనిమిదో జనరేషన్, అంటే ఎనిమిదో తరం చిప్. ఐ5-5200యూ అయిదోది. ఐ3-1005జీ1, ఐ3-1215యూ లాంటివాటిలో మొదటి రెండు అంకెలు చూడాలి: పదో జనరేషన్, పన్నెండో జనరేషన్.

చాలామంది "మాది ఐ5" అని ఆగిపోతారు. అయిదో జనరేషన్ ఐ5కీ పన్నెండో జనరేషన్ ఐ5కీ పేరు తప్ప పోలిక లేదు.

4. అసలు జబ్బు ఏదో కనిపెట్టండి

నేను ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. "స్లో అయింది" అన్న ఒక్క మాట వెనక నాలుగైదు వేరువేరు జబ్బులుంటాయి. కొన్నిటికి మందు చవక. ఒకదానికి మందే లేదు.

ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయండి. పది నిమిషాలు వదిలేయండి. తర్వాత రోజూ వాడేవన్నీ తెరిచి, టాస్క్ మేనేజర్ పక్కన పెట్టుకుని చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గరే ఉండిపోయి, మిగతావి తక్కువగా ఉంటే జబ్బు హార్డ్ డిస్క్‌ది. నా దగ్గరికి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటి బాధ ఇదే. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాకా చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్ల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. ఎస్ఎస్‌డీ వేయించాక మూడు నాలుగు నిమిషాలకు లేచే ల్యాప్‌టాప్ అర నిమిషంలోపు లేవడం నేను చాలాసార్లు చూశాను.

మెమరీ 85, 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలడం లేదు. స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకోటి వేయించవచ్చు. ర్యామ్ బోర్డుకే అతికించి, స్లాట్ కూడా లేకపోతే ఇక పెంచలేం.

రెండు మూడు ట్యాబ్‌లకే సీపీయూ 100 శాతం అవుతూ, మిగతావి ఖాళీగా ఉంటే ప్రాసెసర్ ఓపిక అయిపోయినట్టే. ముందు వైరస్ స్కాన్ చేయించండి. అదేమీ లేకపోతే ఈ జబ్బుకు రిపేరు లేదు. మార్చాల్సిందే.

ఫ్యాన్ హోరుమంటూ, కింద చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, అరగంట తర్వాత నెమ్మదిస్తుంటే లోపల దుమ్ము పేరుకుంది. చీమకుర్తి వైపు ఆఫీసుల నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌లు విప్పితే ఫ్యాన్ రెక్కల మీద గ్రానైట్ పొడి తెల్లగా కనిపిస్తుంది. రోహిణి కార్తెలో మన దగ్గర గది వేడే నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇక దాని లోపల సంగతి చెప్పక్కర్లేదు. విప్పి శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మార్పించండి. ఇది తక్కువ ఖర్చు పని.

కొత్తపట్నం, ఇందుకూరుపేట లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో, చెరువు గట్టు మీది షెడ్లలో వాడినవాటికి ఇంకో బాధ ఉంటుంది. ఉప్పుగాలికి కనెక్టర్లు, పోర్టులు తుప్పు పడతాయి. బోర్డు మీద పచ్చటి మరకలు కనిపించాయని రిపేరు చేసేవాళ్లు చూపిస్తే, దాని మీద పెద్ద ఖర్చు పెట్టకండి. ఒకటి బాగు చేయిస్తే ఆర్నెల్లకు ఇంకోటి పోతుంది.

బ్యాటరీ విషయం వేరు. చార్జర్ తీసి సినిమా పెట్టి ఎంతసేపు వస్తుందో గడియారం చూసి రాసుకోండి. కరెంటు కోతల్లో గంటైనా రాకపోతే కొత్త బ్యాటరీ లెక్కలో వేసుకోవాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా పరీక్ష అక్కడితో ఆపి, చార్జింగ్ తీసేసి, షాపుకు తీసుకెళ్లండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు.

ఒక చిన్న సంగతి. చార్జర్ పాడైతే చవకది కొని వాడేవాళ్లుంటారు. కొన్ని మోడళ్లు ఆ చార్జర్‌ను గుర్తించకపోతే వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ల్యాప్‌టాప్ పాతబడిందని మార్చేస్తారు, తప్పు చార్జర్‌ది. ఎవరిదైనా ఒరిజినల్ చార్జర్ అడిగి పెట్టి చూడండి. కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు ఉన్నదే కొనండి.

5. విండోస్ 11 వస్తుందా రాదా చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఒక అదనపు పథకం కింద 2026 అక్టోబరు 13 దాకా గడువిచ్చింది. బ్యాంకు, జీఎస్టీ పనులు చేసే ల్యాప్‌టాప్‌ను అప్‌డేట్లు లేకుండా వాడవద్దు.

విండోస్ 11 అధికారికంగా రావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో రైజెన్ 3000 సిరీస్ నుంచి ఉండాలి. వాటితో పాటు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు కావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ పెట్టుకుంటే అదే చెబుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆ యాప్ "టీపీఎం లేదు" అనగానే ల్యాప్‌టాప్ పనికిరాదనుకుంటారు. ఎనిమిదో జనరేషన్ తర్వాతి మోడళ్లలో చాలావరకు టీపీఎం ఉంటుంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుందంతే. రిపేరు షాపులో అడిగితే ఆన్ చేసిస్తారు.

ఏడో జనరేషన్, అంతకంటే పాతదైతే నా సలహా స్పష్టం: దాని మీద పెద్ద మొత్తం పెట్టకండి. క్రోమ్, యూట్యూబ్, పిల్లల చదువు వరకే అయితే విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టం వేయించి ఇంకొన్నాళ్లు నడపవచ్చు. ట్యాలీ, డిజిటల్ సంతకం ఉన్నవాళ్లకు ఆ దారి పనికిరాదు.

6. రిపేరుకు మొత్తం ఎంతో ఒకేసారి రాయించుకోండి

విడివిడిగా అడగకండి. ఎస్ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ, శుభ్రం చేయడం, విండోస్ వేయడం, మజూరీ అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. రెండు షాపుల్లో అడగండి. ఎస్ఎస్‌డీ, ర్యామ్ ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి కిందటేడాది మీ బావగారికి ఎంతైందన్నది లెక్కలోకి తీసుకోవద్దు.

తర్వాత ఏడాదికి ఎంత పడుతుందో చూడండి. ఈ అంకెలు ఉదాహరణకే:

- రిపేరుకు 7,000, రెండేళ్లు నడుస్తుంది: ఏడాదికి 3,500
- సరైన కొత్తది 35,000, అయిదేళ్లు నడుస్తుంది: ఏడాదికి 7,000
- మరీ చవక కొత్తది 22,000, రెండేళ్లకే విసుగు పుట్టిస్తుంది: ఏడాదికి 11,000

చవకది అనుకున్నదే అన్నిటికంటే ఖరీదైంది. నా కొలత ఇది: రిపేరు ఖర్చు సరైన కొత్తదాని ధరలో మూడో వంతు లోపుంటే పాతదే ఉంచండి. సగం దాటితే కొత్తది. మధ్యలో ఉంటే విండోస్ 11 వస్తుందో లేదో చూసి తేల్చండి.

మదర్‌బోర్డ్ పోయిందంటే, లేదా హింజ్ (స్క్రీన్ మడిచే కీలు) విరిగి స్క్రీన్ కూడా పగిలిందంటే లెక్క సాధారణంగా సగం దాటుతుంది.

7. చవక మోడల్‌లో ఏం తగ్గించారో చదవండి

నేను దెబ్బ తిన్నది ఈ దశలోనే. కొన్నేళ్ల కిందట మా అక్క కూతురు డిగ్రీలో చేరినప్పుడు ఒక షాపులో చవక కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చాను. "అన్నా, సన్నగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, చదువుకునే పిల్లలకు ఇది చాలు" అన్నారు. నిజంగానే సన్నగా, తేలిగ్గా ఉంది. నాలుగు నెలలకు విండోస్ అప్‌డేట్‌కు చోటు చాలక ఆగిపోయింది. 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించింది. 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ (బోర్డుకే అతికించే చవక రకం), దాన్నీ మార్చలేం. అసైన్‌మెంట్ పంపాల్సిన రాత్రి అది తెరుచుకోక ఆ పిల్ల ఏడ్చింది. ఆ ఏడాది మా బావకు చెరువులో నష్టం వచ్చింది, ఆ డబ్బు ఎలా సర్దారో నాకు తెలుసు. ఆఖరికి ఇంట్లో మూలనున్న పాత ఐ5కి ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాను. డిగ్రీ అయిపోయేదాకా దాని మీదే చదివింది.

అందుకే డబ్బా మీది ప్రతి వరుసా చదవమంటున్నాను.

ప్రాసెసర్: సెలెరాన్ ఎన్4020 లాంటి రెండు కోర్ల చిప్ ఉంటే ఎంత చవకైనా వద్దు. మీ ఎనిమిదో జనరేషన్ ఐ5 దానికంటే చాలా వేగంగా ఉంటుంది. ఎన్100 నాలుగు కోర్లది, వర్డ్‌కూ క్లాసులకూ సరిపోతుంది, అంతకు మించి ఆశించవద్దు. ఏఎండీలో పేరు చూసి మోసపోకండి. రైజెన్ 3 7320యూలో మొదటి అంకె 7 చూసి కొత్తదనుకుంటాం, లోపలి డిజైన్ మాత్రం పాతది, ఏఎండీ జెన్ 2 అనే తరానిది. ఆ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి: 2 అంటే జెన్ 2, 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4.

ర్యామ్: 8 జీబీ కనీసం. బోర్డుకు అతికించినదైతే 16 జీబీ తీసుకోండి, తర్వాత పెంచలేరు కాబట్టి. 4 జీబీతో విండోస్ 11 ఇన్‌స్టాల్ అవుతుంది, కానీ దాంతో పని సాగదు.

స్టోరేజీ: "ఈఎంఎంసీ" అన్న మాట కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (సాటా కంటే వేగమైన రకం) 512 జీబీ ఉంటే మంచిది, 256 కంటే తక్కువ వద్దు.

స్క్రీన్: 1920 బై 1080 ఉండాలి. టీఎన్ ప్యానెల్ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి, ఐపీఎస్ అడగండి.

కీబోర్డు, పోర్టులు: లెక్కలు రాసేవాళ్లకు పక్కన నంబర్ ప్యాడ్ లేకపోతే నరకం. లాన్ పోర్టు (నెట్ కేబుల్ పెట్టేది) చాలా చవక మోడళ్లలో తీసేశారు.

సాఫ్ట్‌వేర్: ఎంఎస్ ఆఫీస్ శాశ్వతమా, ఒక ఏడాదిదా అని అడగండి. క్రోమ్‌బుక్‌లో విండోస్ ఉండదు, గూగుల్ సిస్టం ఉంటుంది, అందులో విండోస్ ట్యాలీ నేరుగా పెట్టుకోలేరు. ఇంటెల్, ఏఎండీ కాకుండా స్నాప్‌డ్రాగన్ అనే వేరే రకం చిప్ ఉన్నదైతే మీ ప్రింటర్, టోకెన్ నడుస్తాయో లేదో తేలేదాకా డబ్బు కట్టకండి.

8. మీ పాతదాన్ని రిపేరు అయినట్టు ఊహించి పోల్చండి

ఇప్పుడు స్లోగా ఉన్న పాతదాన్ని, షాపులో తళతళలాడే కొత్తదాన్ని పక్కపక్కన పెడితే ఎప్పుడూ కొత్తదే గెలుస్తుంది. ఆ పోలిక తప్పు. ఎస్ఎస్‌డీ, చాలినంత ర్యామ్, మంచి బ్యాటరీ ఉన్న మీ పాతది ఒకవైపు, చేతికందే ధరలోని ఆ ఒక్క మోడల్ ఇంకోవైపు పెట్టండి.

పాతది ఉంచుకోండి:
- ఎనిమిదో జనరేషన్ ఐ3/ఐ5 లేదా తర్వాతిది అయితే
- జబ్బు డిస్క్, ర్యామ్, దుమ్ము, బ్యాటరీలలోనే ఉంటే
- ఖర్చు మూడో వంతు లోపుంటే

కొత్తది కొనండి:
- విండోస్ 11 రాదు, మీకు విండోస్ తప్పదు అయితే
- ప్రాసెసరే చాలకపోతే, లేదా బోర్డు తుప్పు పడితే
- కొత్త కోర్సుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ పాతదానిలో నడవకపోతే

కొత్తది అవసరం, కానీ చేతిలో డబ్బు చాలదా? అప్పుడు ఈఎంఐ మీద బలహీనమైన కొత్తది కొనే బదులు రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగు చేసి అమ్మేది) చూడండి. కంపెనీలు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ మోడళ్లు గట్టివి. పదో జనరేషన్ లేదా తర్వాతిదే తీసుకోండి. మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి తెచ్చుకుంటుంటారు. వెళ్తే అక్కడే గంటసేపు బ్యాటరీ మీద నడిపి చూడండి, ప్రతి కీ నొక్కండి, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టండి. బిల్లు మీద వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. నోటిమాట వారంటీ కోసం నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు మళ్లీ వెళ్లలేం.

9. కొనే రోజు

నెల్లూరు ట్రంక్ రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా ఒకటే పద్ధతి. మీ కాగితం చేతిలో ఉండాలి. "ఈ మోడల్ అయిపోయింది, ఇది కూడా అలాంటిదే" అంటే తొందరపడి ఊ అనకండి. ప్రాసెసర్ నంబరు మళ్లీ మొదటి నుంచి చదవండి.

- ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ నెల్లూరులోనో ఒంగోలులోనో ఉందా, చెన్నైకో విజయవాడకో పంపాలా?
- వారంటీలో మనిషి ఇంటికొచ్చి చేస్తారా, మనమే మోసుకెళ్లాలా?
- డబ్బా మీది సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ కింది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటేనా?
- వ్యాపారానికైతే మీ జీఎస్టీ నంబరు బిల్లు మీద వేశారా? పన్ను 18 శాతం ఉంటుంది, నంబరు లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది.
- ఎక్స్‌ఛేంజ్ కింద పాతదానికి ఎంత ఇస్తున్నారు? మరీ తక్కువైతే ఇంట్లోనే ఉంచుకోండి.

బిల్లు దాచండి. షాపు మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

10. పాతదాన్ని చేయి దాటించే ముందు

కొత్తది తెచ్చిన రోజే పాతదాన్ని ఇచ్చేయకండి. రెండు వారాలు రెండూ ఉంచుకోండి. ట్యాలీ, ప్రింటర్, టోకెన్, తెలుగు ఫాంట్లు అన్నీ కొత్తదానిలో ఒకసారైనా నడిచాకే పాతదాని సంగతి చూడండి. ఏదో ఒక ఫైలు పాతదానిలోనే మిగిలిపోయిందని మూడో రోజో నాలుగో రోజో గుర్తొస్తుంది.

తర్వాత పాత సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు సరెండర్ చేయండి. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డులున్న ఖాతాల నుంచి బయటికి రండి. సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి, రీసెట్ దిస్ పీసీ, అందులో రిమూవ్ ఎవ్రీథింగ్, క్లీన్ డేటా ఎంచుకోండి. మామూలుగా డిలీట్ చేసిన ఫోటోలు మళ్లీ తీయవచ్చు, కాబట్టి ఈ దశ వదలకండి. ఇది కొన్ని గంటలు పడుతుంది, చార్జర్ పెట్టే ఉంచండి.

ల్యాప్‌టాప్ ఇక లేవదంటే హార్డ్ డిస్క్ విప్పించి మీ దగ్గరే పెట్టుకోండి. మిగతాది పాత ఇనుము బండికి వేయవద్దు, అందులో బ్యాటరీ ఉంది. ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకు గానీ, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు గానీ ఇవ్వండి.